తీసుకోండి, కానీ పరిహారం అనుకోకండి: డేటా పోగొట్టిన బ్యాంకులిచ్చే ఉచిత క్రెడిట్ మానిటరింగ్‌పై సమీక్ష

ఖాతాదారుల వివరాలు బయటికి పోయిన ప్రతిసారీ బ్యాంకు నుంచి ఒకే అచ్చులో పోసినట్టు ఓ ఉత్తరం వస్తుంది. మొదటి పేరాలో విచారం, రెండో పేరాలో "మీ భద్రతే మాకు ముఖ్యం", మూడో పేరాలో కానుక. ఏడాదో రెండేళ్లో ఉచిత క్రెడిట్ మానిటరింగ్, కింద యాక్టివేషన్ కోడ్, దాన్ని వాడుకోవడానికి ఓ గడువు. ఈ సమీక్ష ఆ కానుక గురించే. ఒక కంపెనీ ప్యాకేజీని పట్టుకుని రాసింది కాదు. పైన పేర్లు ఎన్ని మారినా లోపలి సరుకు దాదాపు ఒకటే.

తీర్పు ముందే చెప్పేస్తే చదవడం తేలిక. తీసుకోండి. కానీ దీన్ని పరిహారం అనుకోకండి. బ్యాంకు చేసిన తప్పుకు అయ్యే ఖర్చులో ఒక పెద్ద భాగం, అంటే కనిపెట్టుకుని ఉండడం, ఫోన్లు చేయడం, ఫారాలు నింపడం, ఖాతాదారు నెత్తికెత్తే ఏర్పాటు ఇది. దాని మీద "ఉచితం" అనే ముద్ర ఉంటుంది, అంతే.

పెట్టెలో ఏముంది

సాధారణంగా నాలుగు వస్తువులుంటాయి. వాటి నాణ్యత మధ్య చాలా తేడా ఉంది, అందుకే మార్కులు విడివిడిగా వేయాలి.

మొదటిది క్రెడిట్ రిపోర్టు మీద కాపలా. మీ పేరు, మీ గుర్తింపు సంఖ్య వాడి ఎవరైనా కొత్త అప్పుకు దరఖాస్తు పెడితే ఆ రుణదాత క్రెడిట్ బ్యూరోలో, అంటే అందరి అప్పుల చరిత్ర దాచే సంస్థలో, మీ చరిత్ర (అదే క్రెడిట్ రిపోర్టు) చూస్తాడు. ఆ చూసిన సంగతి నమోదు కాగానే మీకు ఈమెయిలో మెసేజో వస్తుంది. కొత్త ఖాతా తెరిచినా, చిరునామా మారినా, బాకీ ఎగ్గొట్టినట్టు నమోదైనా అలాగే. చిక్కేమిటంటే ఇది తలుపుకు వేసే గొళ్లెం కాదు, తలుపు తెరుచుకున్నాక మోగే గంట. ఆన్‌లైన్ అప్పులు నిమిషాల్లో మంజూరవుతున్నాయి, అలర్టు గంటల తర్వాత రావచ్చు. కొత్త ఖాతా తెరిచిన సంగతైతే ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది, ఎందుకంటే రుణదాతలు చాలావరకు నెలకోసారే బ్యూరోలకు లెక్కలు పంపుతారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయన్న సామెతను ఇక్కడ ఆరు వారాలకు కుదించుకోవచ్చు. 5 మార్కులకు 2.

ఇక్కడే చిన్న అక్షరాల్లో ఒక మెలిక ఉంటుంది. బ్యూరోలు ఒకటికి మించి ఉన్న దేశాల్లో కాపలా ఎన్ని బ్యూరోల మీద అన్నది చూడాలి. ఒకే బ్యూరోను గమనించే ప్యాకేజీ బ్యాంకుకు చవక. దొంగ అప్పు చేసిన సంస్థ వేరే బ్యూరోను సంప్రదిస్తే మీ గంట మోగదు. ఉత్తరంలో పెద్ద అక్షరాల్లో "సమగ్ర రక్షణ" అని ఉండి, షరతుల్లో "ఒక బ్యూరో" అని ఉంటే రెండోదాన్నే నమ్మండి.

రెండోది డార్క్ వెబ్‌లో, అంటే మామూలు బ్రౌజరుకు అందని ఇంటర్నెట్ మూలల్లో, వెతుకులాట. మీ ఈమెయిలు, ఫోన్ నంబరు, ఖాతా నంబరు ఇచ్చిపెట్టుకుంటే, దొంగిలించిన వివరాల జాబితాల్లో అవి కనిపించినప్పుడు చెబుతారు. చెప్పగలరు గానీ తీసేయించలేరు. పైగా బ్యాంకే స్వయంగా "పోయాయి" అని ఉత్తరం రాశాక, పోయాయని ఇంకోసారి తెలుసుకుని చేసేదేముంది? పాత పాస్‌వర్డ్ ఏ సైటు నుంచి పోయిందో తెలియడం వరకు పనికొస్తుంది. ఒక మార్కు.

మూడోది బీమా. "10 లక్షల డాలర్ల వరకు" లాంటి అంకె చూస్తే ధైర్యం వస్తుంది. పాలసీ చదివితే ఆ ధైర్యం సగం తగ్గుతుంది. ఈ బీమా ప్రధానంగా కట్టేది గుర్తింపును సరిదిద్దుకోవడానికి అయిన ఖర్చులు: నోటరీ, పోస్టు, లాయరు ఫీజు, సెలవు పెట్టినందుకు పోయిన జీతం. ఆ జీతానికి కూడా వారానికి ఇంతేనని పైకప్పు ఉంటుంది. ఖాతాలోంచి పోయిన డబ్బు చాలా పాలసీల్లో రానేరాదు, లేదా చిన్న పరిమితి మేరకే వస్తుంది. వేరే ఎక్కడి నుంచైనా రాబట్టుకోగలిగినదాన్ని ఇది కట్టదు. వ్యాపార ఖాతా నష్టాలు బయటే. తనంతట తాను నమ్మి బదిలీ చేసిన సొమ్మూ సాధారణంగా బయటే, మోసాల్లో ఎక్కువ నొప్పి పెట్టేది అదే అయినా. ఒక మార్కు, అదీ నోటరీ ఖర్చు కోసం.

నాలుగోది పునరుద్ధరణ సాయం. ప్యాకేజీ మొత్తంలో నిజంగా విలువైనది ఇదే, ఉత్తరంలో అన్నిటికన్నా అడుగున రాసేదీ ఇదే. మీ పేరుతో దొంగ అప్పు బయటపడితే ఒక మనిషిని మీ కేసుకు అప్పగిస్తారు. మీ దగ్గర అధికార పత్రం తీసుకుని ఆయనే రుణదాతలకు, బ్యూరోలకు, వసూలు ఏజెన్సీలకు ఉత్తరాలు రాస్తాడు, ఫోన్లలో ఎదురుచూస్తాడు. ఇలాంటి కేసు ఒంటరిగా తేల్చుకోవాలంటే నెలలు పడుతుంది. చాలా ప్యాకేజీల్లో ఈ సాయం కోసం ముందే చేరి ఉండనక్కర్లేదు, ఉత్తరం అందుకున్నవారికి దానంతటదే వర్తిస్తుంది. మీ ఉత్తరంలో అలా ఉందో లేదో చూసుకోండి. 5కు 4.

దీని కంట పడనివి ఏవి

క్రెడిట్ బ్యూరోకు చేరని మోసాలన్నీ. ఉన్న ఖాతాలోంచి డబ్బు లాగేయడం, మీ సిమ్‌కు నకలు తీయించి ఓటీపీలు పట్టడం, మీ పేరుతో పన్ను రీఫండు కొట్టేయడం, మీ ఆరోగ్య బీమా మీద వేరేవాళ్లు వైద్యం చేయించుకోవడం, నిజమైన ఖాతా వివరాలు చదివి వినిపిస్తూ "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం" అనే ఫోను. ఈ చివరిది ఒక్కటే మిగతావాటన్నిటికీ సరిసాటి. బ్యాంకు పోగొట్టినవి పేరు, ఫోన్ నంబరు, ఖాతాలో చివరి నాలుగు అంకెలు మాత్రమే అయితే "సున్నితమైన సమాచారం ఏదీ పోలేదు" అని ప్రకటిస్తారు. మోసగాడికి ఆ మూడే చాలు, నాలుగోదాన్ని మీ నోటితోనే చెప్పిస్తాడు. 2014లో జేపీమోర్గాన్ చేజ్ నుంచి పోయిన 7.6 కోట్ల కుటుంబాల వివరాలు సరిగ్గా ఈ తరగతివే: పేరు, చిరునామా, ఫోను, ఈమెయిలు. అలాంటి లీకుకు క్రెడిట్ మానిటరింగ్ ఇవ్వడమంటే కాలికి దెబ్బ తగిలితే చేతికి కట్టు కట్టడమే.

గడువు సంగతి మరీ విచిత్రం. కార్డు నంబరు మార్చుకోవచ్చు. పుట్టిన తేదీ, తల్లి ఇంటిపేరు, జాతీయ గుర్తింపు సంఖ్య మారవు. మారని వివరాలకు 12 నెలల కాపలా ఇస్తే 13వ నెల దాకా ఆగడం దొంగకు కష్టమేమీ కాదు.

చేరేటప్పుడు ఎదురయ్యేవి

సేవలో చేరాలంటే ఏం ఇవ్వాలో తెలుసా? పూర్తి పేరు, పుట్టిన తేదీ, గుర్తింపు సంఖ్య, చిరునామా, ఫోను. అంటే బ్యాంకు పోగొట్టిన వివరాలన్నీ పేరు కూడా వినని మరో కంపెనీకి తాజాగా, సరిచూసి మరీ అందించాలి. దీనికి దారి లేదు, కాపలా కాయాలంటే ఎవరికి కాయాలో వాళ్లకు తెలియాలి. కానీ అడిగినవన్నీ ఇవ్వాల్సిన పని కూడా లేదు. బ్యాంకు ఖాతాలు, కార్డులు, పాస్‌పోర్టు నంబరు "అదనపు రక్షణ" కోసం చేర్చమనే పేజీని దాటేయండి.

చెల్లింపు కార్డు నంబరు అడిగితే ఆగండి. నిజంగా ఉచితమైనదానికి కార్డుతో పనిలేదు. గడువు ముగిశాక దానంతటదే డబ్బులు కట్టే చందాగా మారడానికే అది. 2017లో ఈక్విఫ్యాక్స్ అనే క్రెడిట్ బ్యూరో తన లీకు తర్వాత ఇచ్చిన ట్రస్టెడ్‌ఐడీ ప్రీమియర్ అనే మానిటరింగ్ సేవ షరతుల్లో మొదట ఇంకో ముల్లు కూడా ఉండేది: చేరినవాళ్లు వివాదాన్ని కోర్టుకు తీసుకెళ్లకుండా ఆర్బిట్రేషన్‌కే, అంటే కోర్టు బయటి మధ్యవర్తి తీర్పుకే, కట్టుబడాలని. జనం మండిపడ్డాక తీసేశారు. తీసేశారు కదా అని మిగతా కంపెనీల షరతుల్లో లేదనుకోకండి. పేజీలో "ఆర్బిట్రేషన్" అనే మాట వెతికితే ఒక నిమిషంలో తేలిపోతుంది.

ఆ సంస్థదే మరో నిర్వాకం చెప్పుకోవాలి. బాధితుల కోసం సొంత సైటు మీద కాకుండా కొత్తగా ఒక డొమైన్ కొని పెట్టారు. దాని పేరును అటూ ఇటూ మార్చి ఒక ప్రోగ్రామరు హెచ్చరికగా నకిలీ సైటు కడితే, కంపెనీ వాళ్ల అధికారిక ట్విటర్ ఖాతాయే పొరపాటున ఆ నకిలీ లింకును జనానికి ఇచ్చింది. ఉత్తరంలోని లింకు నొక్కకుండా, కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి ఉత్తరం నిజమేనా అని అడగమనడం ఇందుకే. లీకు వార్త బయటికొచ్చిన వారంలో వచ్చే "పరిహారం" మెసేజిల్లో దొంగవి తక్కువేం కాదు.

ఇంకా ఎక్కడ తడబడుతుంది? క్రెడిట్ చరిత్ర పెద్దగా లేనివాళ్లకు, కొత్తగా దేశానికి వచ్చినవాళ్లకు, పిల్లలకు గుర్తింపు పరీక్ష దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే అడిగే ప్రశ్నలు పాత అప్పుల మీద ఉంటాయి. ఇప్పటికే క్రెడిట్ ఫ్రీజ్ (కొత్త రుణదాతలకు రిపోర్టు కనిపించకుండా ఆపే ఏర్పాటు) పెట్టుకున్నవాళ్లకూ కొన్ని సేవలు "మిమ్మల్ని ధ్రువీకరించలేకపోయాం" అంటాయి. అందుకని వరుస ముఖ్యం: ముందు సేవలో చేరడం, వెంటనే అదే రోజు ఫ్రీజ్ పెట్టడం.

"ఉచితం" అంటే ఎవరి ఖర్చు

ఈ సేవను బ్యాంకు నడపదు. క్రెడిట్ బ్యూరోనో గుర్తింపు భద్రత కంపెనీయో నడుపుతుంది, బ్యాంకు టోకున కొంటుంది. ఈ ఒప్పందాల్లో వాడుకలో ఉన్న ఒక పద్ధతి ఏమిటంటే, ఉత్తరాలు ఎన్ని పంపినా కోడ్ వాడి చేరినవాళ్ల లెక్కకే డబ్బు. చేరేవాళ్లేమో కొద్దిమందే. ఉత్తరం చెత్తబుట్టలోకి పోతుంది, లేదా మోసమనుకుంటారు, లేదా ఫారం సగంలో విసుగొస్తుంది. కాబట్టి కోటి మందికి ఉచిత సేవ ప్రకటించిన బ్యాంకు కోటి మందికి కట్టదు. ఆ కట్టేది కూడా చాలాసార్లు సైబర్ బీమా నుంచే వస్తుంది. ఉత్తరాలు, కాల్ సెంటరు, మానిటరింగ్, ఫోరెన్సిక్ నిపుణుల ఫీజు, అన్నీ "లీకు స్పందన ఖర్చులు" అనే పద్దు కింద పాలసీలో ఉంటాయి. బ్యాంకు భరించేది బీమా మొదలవడానికి ముందున్న తన వాటా, వచ్చే ఏడాది పెరిగే ప్రీమియం.

ఈ కానుకకు, నగదుకు మధ్య తేడా ఎంతో ఈక్విఫ్యాక్స్ ఒప్పందంలో బాగా బయటపడింది. అది బ్యాంకు కాదు, బ్యాంకులన్నీ మన వివరాలు పంపే బ్యూరో, అందుకే ఇంకా ముఖ్యం. వాళ్లు వాడే అపాచీ స్ట్రట్స్ సాఫ్ట్‌వేర్‌లో లోపానికి ప్యాచ్, అంటే దాన్ని సరిదిద్దే అప్‌డేట్, 2017 మార్చిలో వచ్చింది. ఒక పోర్టల్‌లో అది వేయలేదు. మే నుంచి జులై దాకా దొంగలు లోపలే ఉన్నారు. నెట్‌వర్కులో వెళ్లే రాకపోకలను పరీక్షించే పరికరం సర్టిఫికెట్ గడువు తీరిపోయి ఉండడంతో ఎవరికీ కనిపించలేదు. పోయినవి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు. 2019లో కుదిరిన ఒప్పందం కనీసం 57.5 కోట్ల డాలర్లు, గరిష్ఠంగా 70 కోట్లు. బాధితులకు రెండు దారులు ఇచ్చారు: ఉచిత మానిటరింగ్, లేదా ఇప్పటికే అలాంటి సేవ ఉన్నవాళ్లకు 125 డాలర్ల నగదు. నగదు దారికి పక్కన పెట్టింది 3.1 కోట్ల డాలర్లు. భాగహారం చేయండి: 2,48,000 మందికి సరిపోతుంది. 14.7 కోట్ల మందిలో అంతమందే అడుగుతారని లెక్కేసుకున్నారన్నమాట. వారం తిరగకముందే జనం ఎగబడ్డారు. అందరికీ 125 రావని, మానిటరింగే తీసుకోవడం మేలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషనే ప్రకటన చేయాల్సి వచ్చింది. సేవనైతే ఎంతమంది అడిగినా ఇస్తారు, నగదునైతే వాటాలు వేసి తగ్గిస్తారు. ఇచ్చేవాడికి ఏది తేలికో ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

క్యాపిటల్ వన్ అచ్చంగా బ్యాంకే. 2019లో క్లౌడ్‌లో ఫైర్‌వాల్ సరిగా అమర్చకపోవడం వల్ల అమెరికాలో సుమారు 10 కోట్లు, కెనడాలో 60 లక్షల మంది వివరాలు పోయాయి. ఉమ్మడి దావా 19 కోట్ల డాలర్లకు తేలింది. బాధితుల సంఖ్యతో భాగిస్తే తలకు 2 డాలర్లు కూడా రాదు, లాయర్ల ఫీజు తీయకముందే. అడిగినవాళ్లకే పంచుతారు కాబట్టి చేతికొచ్చేది అంతకన్నా ఎక్కువే, అడగనివాళ్లది సున్నా. బ్యాంకుల నియంత్రణ సంస్థ ఓసీసీ 2020లో వేసిన 8 కోట్ల డాలర్ల జరిమానా మాత్రం పూర్తిగా ప్రభుత్వ ఖజానాకు.

జరిమానా అనగానే బాధితుడికి న్యాయం జరిగిందని అనిపిస్తుంది. సొమ్మొకడిది సోకొకడిది. బ్రిటన్‌లో హెచ్ఎస్‌బీసీ గ్రూపు సంస్థలు 1,80,000 మంది పాలసీదారుల వివరాలున్న సీడీని, 1,917 మంది పింఛనుదారుల వివరాలున్న ఫ్లాపీని ఎన్‌క్రిప్షన్ (తాళంచెవి లేనిదే చదవలేని సంకేత రూపం) లేకుండా పోస్టులో పంపి పోగొట్టాయి. 2009లో అక్కడి ఆర్థిక సంస్థల నియంత్రణ సంస్థ ఎఫ్ఎస్ఏ 31.85 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. త్వరగా ఒప్పుకున్నందుకు 30 శాతం తగ్గింపు పోను మిగిలిన మొత్తం అది. ఆ రోజుల్లో ఎఫ్ఎస్ఏ వసూలు చేసిన జరిమానాలు ఎక్కడికి పోయేవో తెలుసా? నియంత్రణలో ఉన్న మిగతా ఆర్థిక సంస్థలు కట్టాల్సిన ఫీజుల్లో తగ్గింపుగా పోయేవి. ఒక బ్యాంకు ఖాతాదారుల వివరాలు పోతే పక్క బ్యాంకుల ఫీజు తగ్గింది! 2012 నుంచి ఆ డబ్బు ఖజానాకు వెళుతోంది. పింఛనుదారుడికి అప్పుడూ ఇప్పుడూ తేడా లేదు.

డేటా "పోవడం" అంటే ఎప్పుడూ హ్యాకింగే కాదని కూడా ఈ కేసులు గుర్తుచేస్తాయి. 2005లో సిటీ గ్రూపు 39 లక్షల మంది వివరాలున్న టేపులను కొరియర్‌లో పోగొట్టుకుంది. 2006లో బ్రిటన్‌లోని నేషన్‌వైడ్ బిల్డింగ్ సొసైటీ ఉద్యోగి ఇంట్లోంచి ల్యాప్‌టాప్ పోయింది, 9,80,000 పౌండ్ల జరిమానా పడింది. మోర్గాన్ స్టాన్లీ పాత సర్వర్లు, హార్డ్ డిస్కులు వదిలించుకోవడానికి డేటా చెరపడంలో అనుభవం లేని సామాన్ల రవాణా కంపెనీని పెట్టుకుంది. వాటిలో కొన్ని ఖాతాదారుల వివరాలతో సహా ఇంటర్నెట్ వేలంలో తేలాయి. ఓసీసీకి 2020లో 6 కోట్ల డాలర్లు, అమెరికా షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి 2022లో 3.5 కోట్ల డాలర్లు కట్టింది. టేపు పోతే అది దొంగ చేతిలో పడిందో కాలువలో పడిందో ఎవరికీ తెలియదు. ఆ తెలియనితనమే బ్యాంకుకు కోర్టులో కవచం.

కోర్టు ఏమంటుంది

ఓల్డ్ నేషనల్ అనే అమెరికా బ్యాంకు సైటులోంచి దరఖాస్తుదారుల వివరాలు పోయాయి. వాళ్లు అడిగింది కోట్లు కాదు, సరిగ్గా ఈ సమీక్షలోని వస్తువే: క్రెడిట్ మానిటరింగ్‌కు అయ్యే ఖర్చు. 2007లో ఫెడరల్ అప్పీలు కోర్టు, ఇండియానా రాష్ట్ర చట్టం ప్రకారం అది పరిహారం ఇవ్వదగిన నష్టం కాదని కొట్టేసింది. మోసం జరగలేదు కాబట్టి నష్టం లేదు, నష్టం రాకుండా పెట్టే ఖర్చు నష్టం కాదు. బ్యాంకులు ఈ సేవను "సౌజన్యంగా" ఇస్తున్నామని రాసే భాష వెనక ఇలాంటి తీర్పులున్నాయి.

2021లో ట్రాన్స్‌యూనియన్ అనే క్రెడిట్ బ్యూరో కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇదే గీతను ఇంకాస్త గట్టిగా గీసింది. 8,185 మంది రిపోర్టుల్లో ఉగ్రవాదుల జాబితాలోని పేరుతో కలుస్తోందన్న తప్పుడు ముద్ర ఉన్నా, ఆ రిపోర్టు బయటివాళ్లకు చేరిన 1,853 మందికే దావా వేసే అర్హత ఉందని చెప్పింది. యూరప్ మరోదారిన నడిచింది. అక్కడి డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 82వ అధికరణం డబ్బు రూపంలో కనిపించని నష్టానికీ పరిహారం ఇస్తుంది. 2023 డిసెంబరులో బల్గేరియా పన్నుల సంస్థ లీకు కేసులో యూరప్ న్యాయస్థానం, వివరాలు దుర్వినియోగమవుతాయన్న భయం కూడా నష్టమే కావచ్చని, భద్రతా చర్యలు సరిపోయాయని నిరూపించే బరువు డేటా పెట్టుకున్నవారిదేనని తేల్చింది. ఆ భయం సహేతుకమైనదని మాత్రం బాధితుడు చూపించాలి.

అసలు గండం ఇంకొకటుంది. మోసం నిజంగా జరిగినా అది ఈ లీకు వల్లే జరిగిందని ఎలా చూపిస్తారు? అదే గుర్తింపు సంఖ్య అంతకుముందు ఆసుపత్రి నుంచి, ఫోన్ కంపెనీ నుంచి పోయి ఉండొచ్చు. ఎన్ని సంస్థలు పోగొడితే ఒక్కో సంస్థ బాధ్యత అంత పలచబడుతుంది.

పోయిన డబ్బు ఎవరిది

ఇక్కడ ఖాతాదారు పరిస్థితి అనుకున్నదానికన్నా మెరుగే, ఒక షరతు మీద: తన అనుమతి లేకుండా జరిగిన లావాదేవీ అయి ఉండాలి, సకాలంలో చెప్పాలి. అమెరికాలో స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లో చెప్పకపోతే ఆ తర్వాతి బదిలీల భారం ఖాతాదారు మీద పడవచ్చు. యూరప్, బ్రిటన్‌లలో డెబిట్ అయిన నాటి నుంచి 13 నెలలు బయటి హద్దు, తెలిసిన వెంటనే చెప్పాలన్నది లోపలి హద్దు. భారత రిజర్వ్ బ్యాంకు 2017లో పెట్టిన పద్ధతిలో తప్పు బ్యాంకుదైతే ఖాతాదారుకు భారమే లేదు. తప్పు ఇద్దరిదీ కాక మధ్యలో ఎక్కడో జరిగితే 3 పనిదినాల్లో చెప్పినవారికి భారం సున్నా, 4 నుంచి 7 రోజులైతే పరిమితం, ఆ పైన బ్యాంకు విధానం ప్రకారం. కార్డు చేతిలో లేకుండా ఆన్‌లైన్లో జరిగిన మోసమైతే సొమ్ము తరచుగా చివరికి వ్యాపారి ఖాతాలోంచి వెనక్కి పోతుంది. బ్యాంకు లీకుకు దుకాణదారు కట్టడమన్నమాట.

మాటలతో నమ్మించి ఖాతాదారు చేతే బదిలీ చేయించిన సొమ్ముకు మాత్రం చాలాచోట్ల ఈ రక్షణ లేదు. లీకైన వివరాలే ఆ నమ్మకానికి పెట్టుబడి అయినా సరే. బ్రిటన్ 2024 అక్టోబరు 7 నుంచి దీనికి ఒక దారి చూపింది: 85,000 పౌండ్ల వరకు తిరిగి ఇవ్వాలి, పంపిన బ్యాంకు సగం, అందుకున్న బ్యాంకు సగం. దొంగ ఖాతాను తెరవనిచ్చిన బ్యాంకునూ బిల్లులో చేర్చడం అందులోని తెలివి.

కోడ్ చేతికొచ్చాక ఏం చేయాలి

ముందు ఉత్తరంలో ఏం పోయిందో రాసిన వాక్యం పట్టుకోండి. కార్డు నంబరు పోతే కొత్త కార్డు అడగండి, పాత నంబరుకు కట్టుకున్న నెలవారీ చెల్లింపులన్నీ మార్చుకోవాలని గుర్తుంచుకోండి. ఖాతా నంబరు పోతే ప్రతి లావాదేవీకీ మెసేజ్ వచ్చేలా పెట్టి, బదిలీ పరిమితిని తగ్గించండి, వీలైతే ఖాతా నంబరే మార్పించుకోండి. రహస్య ప్రశ్నల జవాబులు పోతే వాటిని ఇతర బ్యాంకుల్లో కూడా మార్చాలి, ఈసారి నిజమైన జవాబులు కాకుండా. ఫోను, ఈమెయిలు మాత్రమే పోతే మానిటరింగ్‌తో పని తక్కువ. వచ్చే ప్రతి ఫోనునూ పెట్టేసి మీరే తిరిగి చేయడం అలవాటు చేసుకోవాలి.

గుర్తింపు సంఖ్య, పుట్టిన తేదీ పోతే క్రెడిట్ ఫ్రీజ్ ఉన్నచోట అదే అసలు మందు. ఫ్రీజ్ ఉంటే కొత్త రుణదాతకు మీ రిపోర్టే కనిపించదు, అప్పు అక్కడే ఆగుతుంది. అమెరికాలో 2018 సెప్టెంబరు 21 నుంచి ఇది ఉచితం. ఆన్‌లైన్లో లేదా ఫోన్లో అడిగితే ఒక పనిదినంలో పెట్టాలి, తీయమంటే గంటలో తీయాలి. ప్రతి బ్యూరోలో విడిగా పెట్టుకోవాలి, ఒకదాంట్లో పెడితే మిగతావి తెలుసుకోవు. "లాక్" పేరుతో నెలవారీ డబ్బులకు అమ్మే దానితో దీన్ని కలపకండి. ఫ్రీజ్‌కు చట్టం అండ ఉంది, లాక్‌కు కంపెనీ షరతులే అండ. పిల్లల పేరుతో కూడా పెట్టించొచ్చు. అప్పు చేసే వయసు రాని మనిషి రిపోర్టును ఎవరూ చూడరు కాబట్టి దొంగలకు అదంటే మక్కువ.

తర్వాత బ్యాంకుకు రాతపూర్వకంగా కొన్ని ప్రశ్నలు పంపండి. డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉందా, ఉంటే తాళంచెవి కూడా పోయిందా? ఎప్పుడు పోయింది, మీకెప్పుడు తెలిసింది, నాకెప్పుడు చెప్పారు? మానిటరింగ్ ఎన్ని బ్యూరోల మీద? చేరితే నా హక్కుల్లో ఏదైనా వదులుకున్నట్టా? కొత్త గుర్తింపు పత్రానికి అయ్యే ఫీజు ఇస్తారా? జవాబులు సగమే వస్తాయి. రెండో ప్రశ్నలోని మూడు తేదీల మధ్య ఖాళీని మాత్రం వదలకండి. నియంత్రణ సంస్థకు ఫిర్యాదు రాసేటప్పుడు అన్నిటికన్నా బరువున్నది అదే. జీడీపీఆర్ కింద, ప్రజలకు ముప్పు లేని లీకులు మినహా, తెలిసిన 72 గంటల్లో నియంత్రణ సంస్థకు చెప్పాలి.

ఒక నోటు పుస్తకంలో తేదీ, చేసిన పని, పట్టిన సమయం, ఖర్చు రాస్తూ పోండి. ఇది చాదస్తంలా కనిపిస్తుంది. ఈక్విఫ్యాక్స్ ఒప్పందంలో బాధితులు వెచ్చించిన సమయానికి గంటకు 25 డాలర్ల చొప్పున 20 గంటల వరకు లెక్కగట్టారు, అందులో 10 గంటలు దాటినవాటికి కాగితాలు అడిగారు. ఖాతాదారు కాలానికి కూడా ధర ఉందని ఒప్పుకున్న అరుదైన సందర్భం అది. 10 గంటలు దాటినవాటిని అడగగలిగింది రాసుకున్నవాడే.

ఉచిత గడువు ముగిసే తేదీకి రెండు వారాల ముందు ఫోన్లో గుర్తు పెట్టుకుని, ఖాతా మూసేసి, ఇచ్చిన వివరాలు తొలగించమని ఆ కంపెనీకి రాయండి. ఉత్తరాన్ని మాత్రం పారేయకండి, కవరుతో సహా దాచండి. ఏయే వివరాలు, ఏ తేదీన తన చేతుల్లోంచి పోయాయో బ్యాంకే సంతకం పెట్టి ఒప్పుకున్న కాగితం అదొక్కటే. అది మీకు ఎప్పుడు పంపారో కవరు మీది తపాలా ముద్ర చెబుతుంది.